తెలంగా సిపాయి తూటాల పెట్టె

క్రీ. శ. 1756లో క్లైవు మదరాసునుండి వంగదేశమునకు గొనిపోయిన సిపాయిలందరును తెలుగువారు కాకపోయినను, అచ్చటివారు వారిని ‘తెలంగా’లనిరి. క్రమముగా ఆ పేరు, ఏ కులమువాడైనను, ఏ భాషవాడైనను, కంపెనీ సిపాయికి చెల్లెను. మన జాతినామము వృత్తినామమైన విధమిది. ఆ సిపాయి మోసిన తూటాల పెట్టె చరిత్రయు తెలియదగినదే.

మందును గుండును కలిపి కాగితమున చుట్టినదే నాటి తూటా. బెజ్జములు తొలిచిన కొయ్యదిమ్మెలో తూటాలను నిలిపి, దానిని తోలుపెట్టెలో నమర్చి, వానతడి సోకకుండ వెడల్పైన తోలుమూత కప్పెడివారు. ఎడమభుజముమీది తోలువారున అది కుడితుంటిపై వ్రేలాడెడిది. తూటాకొనను పంట కొరికి మందును గొట్టమున పోయవలెను. కనుకనే 1857లో ఎన్‌ఫీల్డు తూటాలకు ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిరన్న వార్త సిపాయిలను కలచివేసెను. చేతితో చింపవచ్చునని ప్రభుత్వము సవరించినను నమ్మకము తిరిగి కలుగలేదు.

లోహపు తూటాలు వచ్చిన పిదప కొరుకుట తప్పెను. 1908 నాటి బ్రిటిషు నూలుపట్టీల కూర్పులో సంచులు పది; ఒక్కొక్కదాన 15 చొప్పున తూటాలు 150. ఒక తుంటిపై నుండిన బరువు ఇరుభుజములకు పంచబడెను.

హిందూస్థానీ సైనికభాషలో ఆ పాతపెట్టెను ‘తోషదాన్’ అనిరి. ఆ మాటకు మూలార్థము దారిబత్తెపు సంచి. బత్తెమునకై ఇల్లు విడిచిన తెలుగువాని చరిత్రలో ఈ మాటయు నొక సాక్ష్యము.