పన్ను పొలిమేర దాటిన ఊరు

1921 ఎండాకాలంలో చీరాల, పేరాల జనం ఇళ్లకు తాళాలు వేసి ఊరవతలికి నడిచారు. 15 వేల పైచిలుకు జనాభాలో 13 వేలమందికి పైగా కదిలారని లెక్క. కరువు రాలేదు, కలరా రాలేదు. వచ్చింది మునిసిపాలిటీ.

అప్పట్లో ఆ రెండు ఊళ్లూ గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో ఉండేవి. నేతపనివాళ్లు ఎక్కువ. యూనియన్‌గా ఉన్నన్నాళ్లూ ఏడాదికి 4 వేల రూపాయల పన్నుతో గడిచిపోయింది. 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీగా మార్చేసరికి అది 40 వేలకు ఎగబాకింది. ఈ హోదా మాకొద్దు మహాప్రభో అని జనం మొత్తుకున్నా వినే నాథుడు లేడు. పన్ను కట్టడం మానేశారు. కొందరు జైలుకెళ్లారు, వాళ్లలో రావూరి అలివేలమ్మ ఒకరు.

ఎడింబరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్లకు నాయకుడు. బెజవాడ కాంగ్రెస్ సభల తరవాత, ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. ఊళ్లోనే ఉండి శాంతంగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే ఖాళీ చేయడం మరో దారి అన్నారు. కష్టమైన రెండోదాన్నే జనం ఎంచుకున్నారు. అందులో తెలివీ ఉంది. మునిసిపాలిటీ మాట దాని హద్దు లోపలే చెల్లుతుంది. హద్దు అవతల పాకలు వేసుకుని, ఆ వాడకు రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. దుగ్గిరాల కూడగట్టిన స్వచ్ఛంద దళం, రామదండు, అక్కడ కాపలా కాసింది.

పాక వేయడం ఒక ఎత్తు, బతుకు నడపడం ఒక ఎత్తు. నేతగాడికి మగ్గం దింపుకోవడానికి గుంట కావాలి, పడుగు సాగదీయడానికి పొడుగాటి వీధి కావాలి. రాట్నం చంకన పెట్టుకుని పోవచ్చుగాని వీధిని మోసుకుపోలేం కదా! అయినా ఎండలు, వానలు, చలి అన్నీ భరించి దాదాపు 11 నెలలు నిలబడ్డారు. దుగ్గిరాలను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశాక పట్టు సడలింది. జనం తిరిగొచ్చారు. మునిసిపాలిటీ మిగిలింది.

చేనేతవాడు ఇల్లు వదిలి రాగలడు. రైతు మడిని ఎక్కడికి మోసుకెళతాడు? అందుకే 1922 జనవరిలో అదే జిల్లాలోని పెదనందిపాడు ఫిర్కా రైతులు ఇంకో మర్మం మీద కొట్టారు. రైత్వారీలో ఎవరి చెక్క ఎంత, శిస్తు ఎంత అన్నది కరణం కట్టలో ఉండేది. కిస్తీ వసూలు మునసబు చేతిలో ఉండేది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు ఆపేశారు, కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. సర్కారు పటాలాన్ని దించి, సామాను జప్తు చేసి వేలానికి పెడితే పాడేవాడు దొరకడం గగనమైంది. చౌరీచౌరా ఘటన జరిగి, ఫిబ్రవరిలో గాంధీజీ సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ఆపేయడంతో ఈ శిస్తు నిరాకరణా ఆగింది. నా మటుకు నాకు, రామనగర్ కంటే ఈ రాజీనామాలే దొరతనాన్ని ఎక్కువ కంగారు పెట్టాయనిపిస్తుంది. పటాలం వచ్చి జనాన్ని బెదిరించగలదు, అడంగలు రాయలేదు.

నూరేళ్లకు, 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఆస్తి పన్ను లెక్క మారింది. తెనాలి, బాపట్ల, రేపల్లె, చీరాల అన్నిటికీ ఒకటే పద్ధతి. పూర్వం ఆ ఇంటికి ఏటా ఎంత అద్దె రావచ్చో అంచనా కట్టి పన్ను వేసేవారు; ఇప్పుడు స్థలం, కట్టడం మూలధన విలువ మీద వేస్తున్నారు. పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని హద్దు పెట్టారు.