బెణుకు కాదు, విరుపే

కాలుజారి అరచెయ్యి నేలకు ఆన్చి పడితే, మణికట్టు దగ్గర చెయ్యి వెనక్కి జరిగి, పక్కనుంచి చూస్తే బోర్లించిన ఫోర్కులా కనిపిస్తుంది. గ్రీకు హిపోక్రటీస్ కాలం నుంచీ పాశ్చాత్య వైద్యులు దీన్ని కీలు తప్పడం కిందే లెక్కగట్టారు. పట్టి లాగితే సర్దుకునేది, వదిలితే మళ్లీ వంకర పోయేది. అయినా పాత పాఠమే అప్పజెప్పుకుంటూ వచ్చారు. ఫ్రాన్సులో లియోన్ నగరపు సర్జన్ క్లోద్ పూతో ఇది ఎముక విరగడమేనని పసిగట్టాడు. ఆయన పోయాక, 1783లో ఆ రాతలు అచ్చయ్యాయి. ఫ్రెంచి వైద్యులు ఆ విరుపుకి పూతో పేరు కూడా కలిపి చెబుతారు. అదే న్యాయం.

మిగతా లోకానికి మాత్రం అది కాలిస్ ఫ్రాక్చర్. అబ్రహాం కాలిస్ డబ్లిన్ సర్జన్. 1814లో ఎడింబరో వైద్య పత్రికలో దీని గురించి చిన్న వ్యాసం రాశాడు. ఎక్స్‌రే పుట్టడానికి అప్పటికి ఇంకా ఎనభై ఏళ్లుంది. ఇలా విరిగిన చేతిని కోసి చూసే అవకాశమూ తనకు దొరకలేదని ఆయనే రాసుకున్నాడు. వేళ్లతో తడిమి తేల్చాడు. చేతిని లాగుతూ ముంజేతిలోని రత్ని ఎముకను (రేడియస్) నొక్కితే, కీలు దగ్గర కాదు, దానికి కాస్త పైన ఎముక కదులుతోంది. మామూలు విరుపుల్లోని కరకర మాత్రం ఇందులో తెలియదన్నాడు. విరిగే చోటు కీలుకి అంగుళమున్నర పైన అన్నాడు. నిజానికి చాలామందిలో ఇంకా కిందనే విరుగుతుంది. కళ్లతో చూడకుండా అంతదాకా రావడమే గొప్ప. అదే వ్యాసంలో ఇంకో మాట కూడా ఉంది: సరిగా కూర్చకపోయినా కొన్నాళ్లకు నొప్పి పోతుంది, చెయ్యి పనికొస్తుంది, వంకర మాత్రం జన్మంతా ఉండిపోతుంది.

కూర్చిన ఎముకను కదలకుండా పట్టి ఉంచేందుకు కాలిస్ తగరపు రేకు బద్దలు వాడాడు. మన సుశ్రుత సంహితలో చెట్టు బెరళ్లూ, వెదురు బద్దలూ ఉన్నాయి. పుత్తూరు కట్టులో ఇవాళ్టికీ ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలే. యూరప్‌లోనూ ఒకప్పుడు తెల్లసొనతోనూ, గంజితోనూ గుడ్డను బిరుసెక్కించేవారు. 1851లో డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాతైసన్ నూలు గుడ్డకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి పట్టించి, తడిపి చుట్టాడు. అదే మన పిండికట్టు. ఏ కట్టయినా బిగుతైతే ప్రమాదమే. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించాలి. కట్టు ఉన్నన్నాళ్లూ వేళ్లూ భుజమూ ఆడిస్తూ ఉండాలి. లేకపోతే ఎముక అతుక్కున్నా చెయ్యి బిగుసుకుపోతుంది.

2000 తర్వాత ప్లేట్ల కాలం వచ్చింది. గుల్లబారిన ఎముకలో మామూలు స్క్రూ నిలవదు. స్క్రూ తల ప్లేటులోనే మరలాగా బిగుసుకునే ఏర్పాటుతో, అరచేతి వైపు నుంచి వేసే ప్లేటును మయామీ సర్జన్ హోర్హే ఓర్బే వ్యాప్తిలోకి తెచ్చాడు. ఎక్స్‌రేలో ఎముక గీత గీసినట్టు కుదిరింది. అయితే అరవై అయిదు దాటినవాళ్లలో ప్లేటునీ పిండికట్టునీ పోల్చి ఆస్ట్రియా వైద్యులు 2011లో ప్రకటించిన ఫలితం చూడండి. ఏడాది తిరిగేసరికి చేతి పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్దవాళ్ల మట్టుకు కాలిస్ చెప్పింది చాలావరకు నిజమే అయింది. వయసులో ఉన్నవాళ్లకూ, కీలు లోపలి భాగం నలిగినవాళ్లకూ లెక్క వేరు. వాళ్లకు ఆపరేషన్ తప్పకపోవచ్చు.

ఇంత కాలం చర్చంతా ఎలా అతికించాలన్నదే. నిలబడ్డచోట పడితేనే ఎముక ఎందుకు విరిగిందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గడానికీ ఎముకలు గుల్లబారడానికీ ఉన్న లంకెను బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1940 ప్రాంతంలో చూపించాడు. యాభైల్లో ఉన్న స్త్రీ పడబోతే చెయ్యి ముందుకు చాస్తుంది కాబట్టి మణికట్టు విరుగుతుంది. డెబ్బైలు దాటాక చెయ్యి అంత చురుగ్గా రాదు, తుంటి మీద పడతారు. అందుకే, తుంటి దాకా రాకముందే హెచ్చరించే ఆ మొదటి విరుపుకి అంత విలువ.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష 1980ల చివర్లో వచ్చింది. ఆ పరీక్షలో వచ్చే టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారే జబ్బు కింద లెక్క అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. మందుల కథ ఇంకా విచిత్రం. నీటి గొట్టాల్లో సున్నం పేరుకోకుండా వాడే రసాయనాల జాతివే బిస్‌ఫాస్ఫొనేట్లు. ఎముక అరుగుదలను అవి ఆపుతాయని స్విట్జర్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్లైష్ బృందం 1960ల్లో గుర్తించింది. వాటిలో ఒకటైన అలెండ్రొనేట్‌కు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. వారానికి ఒక మాత్ర, పరగడుపున, గ్లాసుడు నీళ్లతో వేసుకుని, అరగంట నడుం వాల్చకూడదు. అదే జాతిలోని జొలెడ్రొనేట్ అయితే ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. ఏది ఎవరికన్నది కిడ్నీలూ పళ్లూ చూసి డాక్టరే చెప్పాలి. కాల్షియం, విటమిన్ డి తక్కువ కాకుండా చూసుకోవాలి. బాత్రూం గచ్చు తడిలేకుండా ఉంచడమూ వైద్యంలో భాగమే.

గ్లాస్గోలో 1990ల చివర ఒక పద్ధతి మొదలైంది. యాభై దాటి ఎముక విరిగి వచ్చిన వాళ్లను నర్సులే పట్టుకుని, ఎముక సాంద్రత పరీక్షకు పంపి, అవసరమైన మందు మొదలయ్యేలా చూస్తారు. మన దగ్గర చాలాచోట్ల ఆరు వారాలకు పిండికట్టు కోసేసి, ఫిజియోథెరపీ చీటీ ఇచ్చి ఇంటికి పంపుతారు. ఆ చీటీలోనే డెక్సా అని ఇంకో మాట రాయించుకోవచ్చు.