సింహాసనానికి చక్రాలు

దేవరుప్పుల నుంచి హైదరాబాదుకు మూడుసార్లు పోయి వస్తే ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువైన పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ నిజాముల ఏలుబడిలో అంత దూరం కూడా తిరగలేదంటారు. చెప్పుకునే లెక్క 356 మైళ్లు, అంటే 573 కిలోమీటర్లు. మన జనగామ రోడ్డు మీది ఆటో ఆ మాత్రం దూరం వారంలో తిరిగేస్తుంది.

కారును కోరి చేయించుకున్నది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. 1911 డిసెంబరులో జరిగే ఢిల్లీ దర్బారు దగ్గరపడుతోంది. ఆ వేడుకకు తగ్గ బండి కావాలనుకున్నాడు. తీరా ఆగస్టు 29న ఫలక్‌నుమాలో కన్నుమూశాడు. దర్బారుకు కొత్త నిజాం ఉస్మాన్ అలీఖాన్ వెళ్లాడు. తండ్రి ముచ్చటపడిన బండి కొడుకు వాటాకు వచ్చింది.

అప్పట్లో రోల్స్‌రాయిస్ ఇంజను, చాసిస్ మాత్రమే అమ్మేది. పైన బాడీ కట్టించుకోవడం కొన్నవాళ్ల పని. ఈ కారుకు లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. వెనక సీటు సీటు కాదు, ఎత్తుగా అమర్చిన గద్దె. దాని మీద కూర్చుంటే దారిన పోయేవాళ్లకు నవాబు కనబడాలి, ఆయన మాత్రం అందరికన్నా పైన ఉండాలి. పైకప్పు గుమ్మటంలా లేస్తుంది. కారు సౌకర్యం కోసమంటే నేను నమ్మను, ఇది ఊరేగింపు వాహనం. అంబారీకి పెట్రోలు పోశారంతే.

కింద ఉన్న యంత్రం మాత్రం ఆషామాషీది కాదు. సిల్వర్ ఘోస్ట్ రకం. ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోసినవి, 7,428 సీసీ. 1907లో ఈ రకం బండి ఒకటి 14,371 మైళ్లు తనంతట తాను ఆగకుండా తిరిగి పేరు తెచ్చుకుంది. అంత సత్తా ఉన్న ఇంజనుకు ఇక్కడ దొరికిన పని ప్యాలెస్ వాకిళ్లలో మెల్లగా కదలడం.

రాజ్యం పోయాక బండిని పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ కాలపు బాడీకి లోపల కొయ్య చట్రం ఉంటుంది, వాడకపోతే ఇనుముకన్నా ముందు చెడేది అదే. చౌమహల్లాను బాగుచేయించిన యువరాణి ఎస్రా హయాంలో కార్లకూ మంచిరోజులు వచ్చాయి. ప్యాలెస్ 2005లో సందర్శకులకు తెరుచుకుంది. ఇప్పుడు జనం ఆ కారు ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. పసుపు రంగు అసఫ్‌జాహీ జెండాది, అది ఎందరికి గుర్తొస్తుందో.

ఆ మెరుపు చూస్తుంటే నాకు మా వైపు ఊళ్లు గుర్తొస్తాయి. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ వేల ఎకరాల దొర. ఇప్పటి దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో భూమి కోసం కోర్టుకెక్కి గెలిచిన షేక్ బందగీని దొర మనుషులు చంపారు. అదే మండలం కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ తూటాకు కూలాడు. ఆ బండికి మెరుగు పెట్టినన్నాళ్లూ మా పల్లెల్లో వెట్టి నడిచింది. గద్దె కింద పలకలో ఇవి రాసి పెట్టాలని కోరుకుంటాను.

నిజాం సర్కారు రోడ్ల మీద తిప్పిన వాటిలో జనానికి పనికొచ్చింది వేరే ఉంది. 1932 జూన్‌లో రైల్వే శాఖ కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రవాణా విభాగం పెట్టారు. నేటి ఆర్టీసీకి అదే మొదలు. ఆల్బియన్ బస్సు ఒకటి బాగుచేసి హైదరాబాద్ బస్‌భవన్‌లో నిలిపారు. దాన్ని చూడటానికి మాత్రం ఎవరూ టికెట్టు కొని రారు.