నవ్వకుండా నవ్వించిన ధర్మవరపు



అమెరికాలో జానీ కార్సన్ అని ఒకాయన ఉండేవాడు. 1962 నుంచి 1992 వరకు, ముప్పయ్యేళ్ళపాటు, బాగా పొద్దుపోయాక టీవీలో కనిపించేవాడు. ఆనాటి వార్తల మీద నాలుగు చమత్కారాలు విసిరి, వచ్చిన అతిథులతో కబుర్లాడి, జనాన్ని నవ్విస్తూ నిద్రకు పంపేవాడు. తెలుగు టీవీలో ఆ కోవకు దగ్గరగా వచ్చినవారు ఎవరంటే, నాకు ముందుగా గుర్తొచ్చేది ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారు.

ఆయనది అప్పటి ప్రకాశం జిల్లాలోని కొమ్మినేనివారిపాలెం. ప్రభుత్వోద్యోగం చేశారు, మనసు మాత్రం నాటకాల మీదే. హైదరాబాదు దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ' హాస్య ధారావాహికకు దర్శకత్వం వహించి, తానే నటించారు. వేసవి సెలవుల్లో కర్నూలులో మా మేనమామ ఇంటికి వెళ్ళినప్పుడు నేను దాన్ని చూసేవాణ్ణి. హాలు నిండా ఇరుగుపొరుగువాళ్ళు. మేమంతా పడీపడీ నవ్వుతుంటే, తెర మీద ఆయన ముఖంలో నవ్వన్నది ఉండేది కాదు. అదే ఆయన కిటుకు.

తరువాత జంధ్యాలగారి 'జయమ్ము నిశ్చయమ్మురా'తో సినిమాల్లోకి వెళ్ళారు. 2001లో వచ్చిన 'నువ్వు నేను'లో లెక్చరరు, 2003లో వచ్చిన 'ఒక్కడు'లో పాస్‌పోర్టు అధికారి. ఈ పాత్రలన్నిటికీ ఒక పోలిక ఉంది. ప్రతివాడికీ ఒక కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీ చాలా గొప్పదని నమ్మకం ఉంటుంది. ఎదుటివాళ్ళు నవ్వుతున్నారన్న సంగతి మాత్రం తెలియదు.

ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది. మాది కృష్ణా తుంగభద్రల నడిమి సీమ. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకనాడు నేను తరగతిలోకి వెళ్ళేసరికి, ఒక పిల్లవాడు బల్ల మీద చెయ్యి ఆనించి నా గొంతుతో పాఠం చెబుతున్నాడు. "అర్థ ఆయితా? అర్థమయిందా?" అని మాటమాటకీ రెండు భాషల్లో అడుగుతున్నాడు. తరగతంతా నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. బెత్తం తీశాను. వాడు మరి రెండు రోజులు బడికి రాలేదు.

ఆ వారమే టీవీలో 'నువ్వు నేను' వేశారు. లెక్చరరుగా ధర్మవరపును చూసి నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. అక్కడ కనిపించింది నేనే. మర్నాడు ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చాను. "మళ్ళీ చెయ్యరా" అన్నాను. భయపడుతూనే చేశాడు. ఈసారి నేనూ నవ్వాను. ఆ తరువాత వాడు పాఠంలో సందేహాలు అడగడం మొదలుపెట్టాడు.

చివరి రోజుల్లో ధర్మవరపుగారు సాక్షి టీవీలో 'డింగ్ డాంగ్' అనే రాజకీయ వ్యంగ్య కార్యక్రమానికి వ్యాఖ్యాతగా ఉన్నారు. అచ్చంగా కార్సన్ కుర్చీలాంటిదే. కాని ఒక తేడా ఉంది. కార్సన్ ఏ పార్టీనీ వదిలేవాడు కాదు. ఇక్కడ ఛానెల్ ఒక రాజకీయ కుటుంబానిది. ఆ హాస్యం ఎటువైపు మొగ్గుతుందో చూసేవారికి తెలుసు. ఆయన మాట విరుపు తగ్గలేదు గాని, నాకు ఆ పాత లెక్చరరే ఎక్కువ నచ్చాడు. ఆ లెక్చరరు ఏ పక్షంవాడూ కాదు. మనలో ప్రతివాడూ ఆయనే.

2013 డిసెంబరు 7న ధర్మవరపుగారు కన్నుమూశారు. ఇవాళ టీవీల్లో హాస్య కార్యక్రమాలకు కొదవ లేదు. వాటిలో చాలాచోట్ల ఒకరి నలుపునో, లావునో, యాసనో చూపి నవ్విస్తారు. మన సరిహద్దు యాస ఆ దెబ్బ తిన్నదే. ధర్మవరపు మార్గం వేరు. ఆయన కుర్చీలో కూర్చున్నవాడి బడాయిని చూపి నవ్వించారు, కింద నిలబడినవాడి మాటను కాదు.

ఇప్పటికీ తరగతిలో "అర్థ ఆయితా? అర్థమయిందా?" అని అడుగుతూనే ఉన్నాను. పిల్లలు నవ్వుతూనే ఉన్నారు. పాఠం సాగుతోంది. సెలవు.