తెలుగు కథోలికుల గృహవిద్య – సంతానపు వరణ స్వాతంత్ర్యము

బెంగుళూరు నగరమునకు తూర్పున కృష్ణరాజపురము కలదు. కె.ఆర్.పురమనుటయే నేటి వాడుక. పాత మదరాసు బాట యీ యూరిమీదుగా హొసకోటకును, కోలారునకును, ముళబాగిలునకును సాగిపోవును. అచ్చటినుండి ఈశాన్యముగా మరలినచో పుంగనూరు సీమ వచ్చును. 1864లో జోలార్‌పేటనుండి రైలుదారి వచ్చినది. 1948లో చెంతనే టెలిఫోను యంత్రముల కర్మాగారము వెలసి, దాని చుట్టును దూరవాణి నగరము పెరిగినది. జీవనార్థమై వచ్చిన తెలుగు కుటుంబములు ఈ బాటవెంట స్థిరపడినవి. వీరిలో కథోలికులును కలరు. వీరు పరాయిచోటికి వచ్చితిమని తలచుట సహజమే కాని, చరిత్ర చూడగా తెలుగు కథోలిక సమాజపు తొలి యిండ్లు ఏర్పడినది ఈ బాట చూపు దిక్కుననే.

18వ శతాబ్ది తొలి సంవత్సరములలో పుదుచ్చేరినుండి ఫ్రెంచి జెస్విట్ గురువులు కర్ణాట మిషను పేర తెలుగు నేలలో ప్రవేశించిరి. పుంగనూరు, కృష్ణాపురము, చిన్నబళ్ళాపురము, అనంతపురము చెంతనున్న మదిగుబ్బ వారి తొలి నెలవులు. లెగాక్ గురువు ఈ సీమలో దీర్ఘకాలము పనిచేసి 1738లో మరణించెను. కల్మెట్ గురువు వేదముల ప్రతులు సంపాదించి పారిసు నగరమునకు పంపెను. కుర్దూ గురువు సంస్కృత లాటిను భాషల బాంధవ్యమును 1767 నాటికే ఫ్రెంచి పండితుల దృష్టికి దెచ్చెను. పండితులు ఈ విద్యావిషయములను పలుమార్లు ప్రస్తావించిరి. ఆ గురువులు వెడలిన పిమ్మట రెడ్డి, కమ్మ మున్నగు కులముల గృహములలో ఏమి జరిగెనన్నది మాత్రము అంతగా ప్రస్తావనకు రాలేదు. నిజమునకు అదియే ముఖ్యము.

ఫ్రాన్సు రాజ్యమున 1764లో జెస్విట్ సభ నిషేధింపబడెను. 1773లో పోపు పదునాలుగవ క్లెమెంటు దానిని సర్వత్ర రద్దుచేసెను. పారిసు విదేశ మిషను సభవారు 1776లో ఈ భారమును వహించిరి కాని, వారి సంఖ్య అత్యల్పము. దండయాత్రలవలనను, క్షామములవలనను రాయలసీమనుండి పెక్కు కుటుంబములు గుంటూరు సీమకు తరలిపోయినవి. గురువు దర్శనమే యరుదైన ఆ దినములలో విశ్వాసమును నిలిపినవి మూడు: ఉపదేశి, జపమాల, ఇల్లు. మొదటి రెండును మూడవదానిలోనే యిమిడియున్నవనిన తప్పులేదు.

ఆ యింటి బడికి పలక లేదు, పుస్తకము లేదు. ప్రార్థనలు చెవిని బడి కంఠస్థము కావలసినవే. జ్ఞానోపదేశము ప్రశ్నోత్తర రూపమున నుండుటచే, అక్షరజ్ఞానము లేని తల్లియు అడుగగలదు, బిడ్డయు బదులీయగలడు. ప్రాణాపాయ సమయమున గురువు లేనిచో ఎవరైనను శిశువునకు జ్ఞానస్నాన మీయవచ్చునని తిరుసభ నియమము. కావున ఆ మంత్రవాక్యమును పెద్దలు తప్పులేకుండ నేర్చియుండవలసివచ్చెను. క్రీస్తు చరిత్రను తెలుగు కావ్యముగా మలచిన మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనము వంటి గ్రంథములు చదువుకొన్నవారికి మాత్రమే అందినవి. సామాన్య గృహమునకు అందినది తల్లి గొంతే.

అయితే ఇంటికి రెండవ ముఖము కలదు. విశ్వాసము నేర్పిన పెద్దలే బిడ్డల జీవితమును సైతము నిర్ణయించుచుండిరి. అందు ప్రధానమైనది వివాహము. కులాచారము ననుసరించి క్రైస్తవ గృహములలోను పసిపిల్లలకు పెండ్లి చేయు వాడుక యుండెను. పోపు ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన తూర్నో 1704లో మధుర, మైసూరు, కర్ణాట మిషనులకై యొక శాసనము వెలువరించి, తక్కిన యాచారములతోపాటు ఈ బాల్యవివాహములను గూడ నిషేధించెను. 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు ఆచారముల వివాదమును ముగించుచు ఆ శాసనమును చాలవరకు స్థిరపరచెను. ఈ వివాదమును గూర్చి వ్రాయువారు ఉప్పు, ఉమ్మి, తాళిబొట్టు అను వానిపైననే పుటలు నింపుదురు. ఏడేండ్ల పిల్ల నోట సమ్మతి యనుమాటకు అర్థమేమున్నదన్న ప్రశ్న అందులోనే దాగియున్నది; అది మాత్రము తరచు మరుగునపడినది.

సమ్మతియే వివాహమునకు ప్రాణమని తిరుసభ పూర్వమునుండియు చెప్పుచున్నది. 1563లో త్రెంతు మహాసభ ఈ విషయమున సూక్ష్మముగా తీర్పు చెప్పినది. తల్లిదండ్రుల యనుమతి లేని పెండ్లిని తిరుసభ గర్హించును; కాని యనుమతి లేదను కారణమున అది చెల్లదనుట తప్పు. ఇట వింత యేమనగా, మన సీమకు గురువులను పంపిన ఫ్రాన్సు దేశమే దీనిని మెచ్చలేదు. 1556 నాటి ఫ్రెంచి రాజశాసనము ప్రకారము ముప్పదియేండ్లు నిండని కుమారుడు గాని, ఇరువదియైదేండ్లు నిండని కుమార్తె గాని పెద్దల మాట మీరి పెండ్లియాడినచో ఆస్తిహక్కు కోల్పోవచ్చును. బిడ్డలపై అధికారమును విడువలేనివారు పుంగనూరున మాత్రమే కాదు, పారిసునను ఉండిరి.

తెలుగు గృహములలో చిక్కు మరియొకటి యుండెను, అది మేనరికము. మేనమామ కూతురు, మేనత్త కొడుకు అనగానే వరస కుదిరినదని మనవారి భావము. రక్తసంబంధము దగ్గరయైనచో వివాహమునకు అడ్డని తిరుసభ న్యాయము. 1983 నాటి న్యాయస్మృతి ప్రకారమును మేనరికమునకు పీఠాధిపతినుండి ప్రత్యేకానుమతి పొందవలసినదే. గురువు ఆ యనుమతి కొరకు వ్రాయుటకు ముందు వధూవరులను విచారింపవలసియుండును. పొలములు చీలిపోకుండుటకై పెద్దలు తలపెట్టిన సంబంధమున ఆ పిల్ల మనస్సు ఎట్టిదని బయటివాడొకడు అడుగు సందర్భము ఈ విధముగా కలిగినది. పెక్కుచోట్ల ఆ విచారణ నామమాత్రముగా జరిగియుండవచ్చును. కాని ఆ ప్రశ్న వేయువాడొకడు ఉండుటయే కులపెద్దల తీర్పులలో లేని విశేషము.

సన్యాసమును గూర్చి త్రెంతు సభ మరింత కఠినముగా పలికినది. ఇష్టములేని స్త్రీని మఠమునకు నెట్టువానిని, న్యాయమైన కారణము లేక ఇష్టముగల స్త్రీని అడ్డగించువానిని సమానముగా శపించినది. వ్రతము స్వీకరించుటకు ముందు కన్య మనస్సును పీఠాధిపతి పరీక్షింపవలెనని విధించినది. తెలుగుదేశమున ఈ రెండవ యడ్డంకియే బలమైనది. కూతురు పెండ్లి లేక యింట నుండుట వంశమునకు తలవంపని తలచు సమాజమున మఠప్రవేశము తిరుగుబాటువంటిదే. హాలెండునుండి యేసు మరియ జోజప్ప సభవారు 1904లో గుంటూరు చేరిన పిమ్మట ఆ దారి తెలుగు కన్యలకు దగ్గరయైనది. ఉపాధ్యాయినిగా, పరిచారికగా జీవించు స్త్రీని కండ్లార చూచిన తరువాతనే పెక్కు తల్లులకు కుమార్తె కోరిక అర్థమై యుండును.

కుమారుల విషయమున వంశము నిలుచుట, సేద్యము సాగుట అను చింతలు అడ్డుపడెడివి. అట్టి గుంటూరు కథోలిక సమాజమునుండియే పోతకమూరి తోమాసు వెలువడెను. 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనమునకు ఆయన ప్రథమ పీఠాధిపతి. 1942లో బెంగుళూరు పీఠమునకు మారి, 1953లో దాని ప్రథమ అగ్రపీఠాధిపతియై, 1968 వరకు ఆ పదవియం దుండెను. కర్ణాట మిషను కాలమున కోలారు, బళ్ళాపురము చెంతనుండి తరలిన సమాజమునకు చెందిన యొక కుమారుడు తిరిగి ఆ సీమకే కాపరియగుట యాదృచ్ఛికమే కాని మరువదగినది కాదు.

ఆయన బెంగుళూరు పీఠమున నున్న కాలముననే రెండవ వాటికను మహాసభ జరిగినది. బిడ్డలకు తొలి గురువులు, ప్రధాన గురువులు తల్లిదండ్రులేయని 1965 అక్టోబరు 28 నాటి విద్యాప్రకటన చెప్పినది. ఆ యేడే డిసెంబరు 7న వెలువడిన మరియొక పత్రము, బిడ్డలు యుక్తవయస్సున తమ జీవనస్థితిని తామే యెన్నుకొనగలుగునట్లు పెంపవలెననియు, పెండ్లికి గాని, ఫలానివారినే పెండ్లాడుటకు గాని ప్రత్యక్షముగనైనను పరోక్షముగనైనను ఒత్తిడి చేయరాదనియు పలికినది. 1983 న్యాయస్మృతి 219వ సూత్రము ఈ స్వాతంత్ర్యమును విశ్వాసులందరి హక్కుగా గుర్తించినది. “పరోక్షముగ” అను పదము మన యిండ్లకు ప్రత్యేకముగ తగులును. మన పెద్దలు బెదరించుట తక్కువ, కంట తడి పెట్టుట యెక్కువ.

లాటిను పూజకు బదులు దేశభాషలు వచ్చిన తరువాత ఈ నగరపు తెలుగు కుటుంబములకు క్రొత్త ప్రశ్న యెదురైనది. గుడిలో తమిళమో, కన్నడమో, ఆంగ్లమో వినబడును. ఇంటి జపము తెలుగు. బిడ్డ బడిలో మరియొక భాష చదువును. ఏ భాషలో దేవునితో మాటలాడవలెనో తల్లి నిర్ణయింపలేదు. తనకు వచ్చిన జపమును తాను నేర్పగలదు, అంతే. పెండ్లినాడు కె.ఆర్.పురము గుడిలో గురువు వధువును పేరుతో పిలిచి, ఎవరి బలవంతమును లేక వచ్చితివా యని యడుగును. తల్లిదండ్రులు ప్రక్కనే నిలిచియుందురు. బదులు చెప్పవలసినది మాత్రము ఆమెయే.