కవచం ఎవరిది?

‘సర్వాంగకవచము’ అనగానే తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం గుర్తొస్తుంది. సండే స్కూలు పిల్లలు కూడా ఆ వరస తడుముకోకుండా అప్పజెబుతారు: సత్యమనే దట్టి, నీతి అనే మైమరువు, కాళ్లకు జోడు, విశ్వాసమనే డాలు, రక్షణ అనే శిరస్త్రాణం, చివర ఆత్మ ఖడ్గం. ఖడ్గం కవచంలో భాగమెలా అవుతుందని ఏ పిల్లవాడైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. గ్రీకు మూలంలో ఉన్న మాట ‘పనోప్లియా’. ‘పాన్’ అంటే సమస్తం, ‘హోప్లా’ అంటే ఆయుధ సామగ్రి. కాపాడుకునేవీ కొట్టేవీ అన్నీ అందులోకే వస్తాయి.

కొత్త నిబంధనలో ఈ మాట ఎఫెసీ పత్రికలో రెండుసార్లు, లూకా 11లో ఒకసారి, మొత్తం మూడుసార్లే కనిపిస్తుంది. లూకాలో అది ఓడిపోయినవాడి సొత్తు. బలవంతుణ్ణి అంతకన్నా బలవంతుడు జయించి, అతను నమ్ముకున్న ఆయుధాలన్నీ లాక్కుపోతాడు. సొంత ఆయుధాల మీద పెట్టుకున్న నమ్మకానికి అక్కడ పట్టిన గతి అది. ఎఫెసీ పత్రిక అందుకే ఊరికే పనోప్లియా అనదు, ‘దేవుని’ పనోప్లియా అంటుంది.

ఆ షష్ఠీ విభక్తిలోనే అసలు సంగతి ఉంది. మన అనువాదకులు దాన్ని ‘దేవుడిచ్చు’ అని విప్పి చెప్పారు. అర్థం సరైనదే గానీ, షష్ఠిలో దాగిన మరో అర్థం ఆ విప్పడంలో జారిపోయింది. ఈ కవచం దేవుడు ఇచ్చేదే కాదు, దేవుడు తొడుక్కున్నది కూడా. యెషయా 59 తెరిచి చూడండి. వీధిలో సత్యం తడబడి పడిపోయింది, నీతి దూరంగా నిలబడిపోయింది. అడ్డుపడే మనిషి ఒక్కడూ లేడని చూసి దేవుడే నివ్వెరపోతాడు. అప్పుడు తానే నీతిని మైమరువుగా తొడుక్కుంటాడు, రక్షణను తలకు పెట్టుకుంటాడు. పౌలు పేరున ఉన్న ఈ పత్రిక ఆ రెండు వస్తువుల్నీ దేవుడి ఒంటి మీదినుంచి తీసి మామూలు మనుషులకు తొడుగుతోంది. మనిషన్నవాడు దొరకనందుకు దేవుడు వేసుకున్న దుస్తులు అవి. అవి వేసుకోవడమంటే ఆ ఖాళీ చోట్లోకి వెళ్లి నిలబడడమే.

సత్యం వరసలో మొదట రావడం కూడా నాకు కాకతాళీయంగా తోచదు. యెషయా వీధిలో పడిపోయిన సత్యం ఇక్కడ నడుముకి ఎక్కింది. ‘నడుం బిగించడం’ అన్న మన పలుకుబడికి ఆ దట్టి ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు. ‘నీతి’ దగ్గర మాత్రం మనం జాగ్రత్తపడాలి. ఈ కాలపు తెలుగులో అది ఒక మనిషి సొంత నడవడికకు కుదించుకుపోయింది. యెషయా మాట ‘సెదాకా’ అంతకన్నా విశాలమైంది, అన్యాయమైపోయినవాడికి న్యాయం చేయడం కూడా అందులోనిదే. కాబట్టి నేను మచ్చ లేకుండా ఉంటే చాలనుకుంటే ఈ మైమరువు సగమే తొడుక్కున్నట్టు.

కవచమన్న మాట తెలుగువాడి చెవిన పడితే కర్ణుడి సహజకవచం, నారాయణ కవచం తలపుకు రాకుండా ఉండవు. నారాయణ కవచం ఒక్కో చోటునీ ఒక్కో వేళనీ భగవంతుడి ఒక్కో రూపానికి అప్పగిస్తుంది. ఎఫెసీ పత్రిక అవయవానికొక గుణాన్ని కడుతుంది. కర్ణుడిది పుట్టుకతో వచ్చింది, ఇది పూనుకుని తొడుక్కోవాల్సింది. ‘ధరించుకోండి’ అన్న గ్రీకు క్రియ, ఇదే పత్రికలో కొత్త స్వభావాన్ని ధరించుకోమన్నప్పుడు వాడిన క్రియే. అది బహువచనంలో ఉంది, కవచం ఏకవచనంలో ఉంది. అంటే ఇది ఒంటరి వీరుడి అలంకారం కాదు, ఒక సంఘమంతా కలిసి తొడుక్కునేది.

ఇంత సామగ్రీ చెప్పి, ఆ పోరుకు వాడిన మాట ‘పాలే’, అంటే మల్లయుద్ధం. మల్లుడు కవచంతో బరిలోకి దిగడు. ఒంటికి ఒళ్లు తగిలేంత దగ్గరి పెనుగులాట అది. అయితే ఆ పెనుగులాట రక్తమాంసాలున్న మనుషులతో కాదని పత్రిక తేటతెల్లంగా చెబుతుంది. ఇంత స్పష్టమైన మాటనే క్రైస్తవులు మరిచారు. 12వ శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు టెంప్లార్లనే సన్యాసి యోధులను కొనియాడుతూ, ఒంటికి ఉక్కు కవచాన్నీ ఆత్మకు విశ్వాస కవచాన్నీ పక్కపక్కన పెట్టాడు. ఆ క్షణాన ఉపమానం చచ్చిపోయి నిజమైన కత్తి మిగిలింది. నా దృష్టిలో ఈ వాక్యభాగానికి జరిగిన అన్యాయాల్లో ఇది పెద్దది.

పత్రికలో పదేపదే వచ్చే క్రియ ‘నిలబడడం’. దండెత్తమని ఎక్కడా లేదు. ఆయుధాల వరస ముగియగానే మాట ప్రార్థన మీదికి మళ్లుతుంది, అక్కడ రచయిత తన కోసం కూడా ఒకటి అడుగుతాడు. తాను సంకెళ్లలో ఉన్న రాయబారినంటాడు. ఆ సంకెళ్లు ఊడిపోవాలని మాత్రం అడగడు. నోరు తెరిచినప్పుడు భయపడకుండా చెప్పగలిగేలా తనకు మాట దొరకాలని ప్రార్థించమంటాడు.