జర, బాంచెన్, ప్లీజ్

పోయిన ఆదివారం మన పేర్ల గురించి రాశాను, ఊర్లో ఎల్లయ్య ఎల్లిగాడు ఎట్లయిండో. ఈ వారం అడగటం గురించి. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకోండి.

మొన్న డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె బోనఫైడ్ కోసం దరఖాస్తు రాసుకొని వచ్చింది. గద్వాల దగ్గరి ఊరు, మాదిగవాడ. "సార్, ఇంగ్లిష్‌ల తప్పులుంటే చూడండి" అంది. నేను తెలుగు సార్‌ని, అయినా మా వాడల పిల్లలు ముందు నా దగ్గరికే వస్తారు. కాగితంలో స్పెల్లింగ్ తప్పు ఒక్కటి లేదు. మొదలు 'ఐ బెగ్ టు స్టేట్', చివర 'యువర్స్ మోస్ట్ ఒబీడియంట్లీ'.

"బెగ్ అంటే ఏంది బిడ్డా?"

"అడుగుడు సార్."

"అడుగుడు ఆస్క్. బెగ్ అంటే అడుక్కునుడు."

ఆమె కాగితం వంక చూసింది. "గైడ్ల అట్లనే ఉంది సార్" అంది.

ఆమెను అనటానికి నాకేం హక్కుంది? పీహెచ్‌డీ రోజుల్లో ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర నేను 'ఐ వాంట్ మై సర్టిఫికెట్' అన్నాను. కూర్చున్నాయన కళ్లద్దాల పైనుంచి చూసి, "ఎట్ల అడగాల్నో తెల్వదు, వీళ్లకు సీట్లు" అని పక్కాయనతో తెలుగులోనే అన్నాడు. నా ఇంగ్లిష్ తప్పే, ఒప్పుకుంటాను. తెలుగులో 'నాకు సర్టిఫికెట్ కావాలి' మామూలు మాట. దాన్నే మక్కీకి మక్కీ ఇంగ్లిష్‌లో పెడితే దబాయింపులాగా వినబడుతుంది, 'కుడ్ ఐ హావ్' అనాలి. అది తర్వాత నేర్చుకున్నాను. కానీ ఆయన 'వీళ్లు' అన్నది వ్యాకరణం సంగతి కాదు.

మన పాలమూరులో అడగటానికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి నేను ఎంఏలో చదివింది. గద్వాలను విద్వద్గద్వాల అంటారు. సోమనాద్రి కట్టిన కోటకు పండితులు, కవులు వచ్చి పద్యం చదివి సన్మానాలు అందుకునేవాళ్లు. తిరుపతి వేంకట కవులు గద్వాలకూ వచ్చారు, ఆత్మకూరుకూ వచ్చారు. రాజును పొగుడుతూనే తమ తల వంగకుండా అడగటాన్ని ఆ కవులు ఒక కళ చేశారు. సాహిత్య చరిత్ర దాన్ని ఆత్మాభిమానం అని రాసింది. రాయాల్సిందే.

రెండోది నేను చదివిన ఏ సిలబస్‌లోనూ లేదు. అదే సంస్థానాల ఊర్లలో దొర వాకిట్లో చెప్పులు చేతబట్టుకొని, తువ్వాల నడుముకు కట్టుకొని అడగటం. "నీ బాంచెను దొరా, కాల్మొక్త." బాంచెను అంటే బానిసను. చివరి 'ను' చూడండి, కవిని, పండితుడను అన్నప్పుడు వచ్చే ప్రత్యయమే అది. గింజలు కావాలన్నా, బిడ్డ పెండ్లికి అప్పు కావాలన్నా, ముందు నేనేమిటో నా నోటితో ఒప్పుకోవాలి, ఆ తర్వాతే అడగాలి. దొర మాత్రం అరవై ఏండ్ల మనిషిని 'ఏరా' అనేవాడు. దొర కొడుకు, పదేండ్ల పోరడు, వాడూ 'ఏరా' అనేవాడు. తిరిగి 'అన్నా' అంటే మాత్రం చెల్లదు. వరసలు మనలో మనకే, వాళ్లతో దొరా, పటేలా.

అట్లని మనకు మర్యాదగా అడగటం రాదా? మా అవ్వ మాట వినండి. "అక్కా, జర గా చాట ఇయ్యరాదు." జర ఉర్దూ నుంచి వచ్చి వాడలో ప్లీజ్ చేసే పని చేస్తోంది. 'ఇయ్యి' అనలేదు, 'ఇయ్యరాదు' అంది. రూపం చూస్తే కాదన్నట్టు, అర్థం మాత్రం 'ఇస్తే బాగుంటది, ఆపైన నీ ఇష్టం'. వీటన్నిటికంటే ముందు అక్కా అని వరస కలిపింది. ఇంత పని చేసే వాక్యాన్ని నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చూడలేదు. వాటిలో ఉన్నది 'దయచేసి'. దయచేసి అని ఎవరైనా చాట అడగ్గా విన్నారా? నేనైతే రైల్వే స్టేషన్ మైకులో తప్ప వినలేదు.

ఇక రాతలో అడగటం. నిజాం రాజ్యంలో సర్కారు భాష 1884 దాకా పార్సీ, ఆ తర్వాత ఉర్దూ. అర్జీ, దరఖాస్తు అట్లా వచ్చిన మాటలే. అర్జీ పెట్టేవాడు తనను 'నేను' అనుకోడు, 'ఫిద్వీ' అనుకుంటాడు, అంటే మీకోసం ప్రాణమైనా ఇచ్చేవాడు. బ్రిటిష్ ఇండియాలో ఆ చోట 'బెగ్ టు స్టేట్' కూర్చుంది. ఇక్కడొక తమాషా ఉంది. ఇంగ్లండులో 'యువర్ ఒబీడియంట్ సర్వెంట్' ఉత్త ముగింపు మాట. పెద్ద అధికారి చిన్న అధికారికి రాసినా అట్లాగే సంతకం పెట్టేవాడు, దాంతో సేవకుడేమీ అయిపోలేదు. మన దగ్గర ఆ మాటకు ప్రాణం వచ్చింది. రాసేవాడు నిజంగానే సేవకుడు, చదివేవాడు నిజంగానే దొర. అక్కడ ఆ ముగింపు ఎప్పుడో పాతబడింది. మన గైడ్లలో బతికే ఉంది.

ఇప్పటి ఇంగ్లిష్‌లో ఎట్లా అడుగుతారు? 'ప్లీజ్' మూలార్థం 'మీకు ఇష్టమైతే'. 'కెన్' ను 'కుడ్' చేస్తారు, 'విల్' ను 'వుడ్' చేస్తారు. క్రియను భూతకాలంలోకి జరిపితే మాట కొంచెం ఎడంగా పోతుంది, ఎదుటివాడు కాదనటానికి చోటు దొరుకుతుంది. మా అవ్వ 'రాదు' చేసిందీ ఇదే పని. అడిగేవాడి పుట్టుక ఏమిటో ఆ వాక్యంలో లేదు. 'యూ' లో ఏరా లేదు, దొరా లేదు. కలెక్టర్ అటెండర్‌ను నీళ్లడిగినా, అటెండర్ కలెక్టర్‌ను సెలవడిగినా 'కుడ్ యూ' అనొచ్చు. నేను ఇంగ్లిష్ భక్తుణ్ని కాదు, ఆ భాషలో అవమానించటానికి వేరే దారులు బోలెడు. కానీ తలవంచటం వేరు, మర్యాద వేరు అని విడదీసి చూపటానికి ఈ చిన్న వాక్యం నాకు పనికొస్తుంది.

అట్లా అడిగినవాళ్లు మనకూ ఉన్నారు. భాగ్యరెడ్డి వర్మ పంచములు అన్న పేరు వద్దన్నారు, ఆది హిందువులం అని పట్టుబట్టారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు ఆ పేరు ఎక్కించింది. అది దయ అడగటం కాదు, లెక్క సరిచేయమనటం. ఆయనే 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభలో మాట్లాడబోతే కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ సభకు అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా మనిషి. అసలు ఆ ఉద్యమం పుట్టిందే 1921లో హైదరాబాద్ సభలో తెలుగులో మాట్లాడిన వకీలును గేలి చేశారన్న బాధతో. తమ భాషకు మర్యాద కావాలన్న సభలో మన మనిషి నోరు విప్పటం కొందరికి కంటగింపైంది.

వనపర్తి సంగతి మరీ చిత్రం. ఆ రాజకుటుంబం నుంచి వచ్చిన జె. రామేశ్వరరావు ఓరియంట్ లాంగ్‌మన్ అధిపతి అయ్యారు. దేశమంతా బడిపిల్లలకు ఇంగ్లిష్ రీడర్లు అచ్చువేసిన సంస్థ అది. కోటలో పుట్టినవాళ్లకు రీడర్ అందింది, వాకిట్లో నిలబడ్డవాళ్ల మనవలకు గైడ్ అందింది. ఇప్పుడు ఆ ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది, మన పిల్లలు ఆ గదుల్లోనే కూర్చుంటున్నారు.

2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 6(2) చదవండి. అడిగేవాడు ఎందుకడుగుతున్నాడో కారణం చెప్పనక్కర్లేదు. ఫిద్వీ బతుకంతా కారణాలు చెప్పుకోవటమే కదా! అయినా సోమవారం ప్రజావాణికి పోయి చూడండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో జిల్లాలయ్యాయి, కలెక్టరేట్ దగ్గరికొచ్చింది. కాగితం చేతికిచ్చే ముందు నడుము వంచే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ అమ్మాయి కాగితం ఇద్దరం కూర్చొని మళ్లీ రాశాం. స్కాలర్‌షిప్ కోసం బోనఫైడ్ అవసరం అని ఒక వాక్యం. 'కుడ్ యూ ప్లీజ్ ఇష్యూ ఇట్ బై ఫ్రైడే' అని ఒక వాక్యం. కింద 'యువర్స్ సిన్సియర్లీ'.

"ఒబీడియంట్ లేకుంటే ఏమన్న అనుకుంటరేమో సార్?"

"పెట్టమంటవా మరి?"

కాసేపు ఆలోచించి, పేరు కింద రోల్ నంబర్ రాసుకుంది. "ఇది చాలు సార్."

మర్నాడు మళ్లీ వచ్చింది. ఎవరు రాసిచ్చిండ్రని అడిగిండ్రట.

"ఏమన్నవ్?"

"నేనే రాసిన అన్న సార్. శుక్రారం రమ్మన్నరు."